అవ్వ ఫోనులో చోటు

ఈ నెల నేను నీకు వ్రాయుచున్నది నా తప్పును గూర్చి. అది పైకి చిన్న తప్పువలె కనబడును. ఒక ముసలమ్మ ఫోనులో చోటు చాలకపోగా దానిని శుభ్రముచేసి ఇచ్చితిని, అంతమాత్రమే. అయినను ఆ దినము మొదలుకొని ఎవరైనను నా చేతికి ఫోను ఇచ్చి, "అయ్యగారూ, ఇది నిండిపోయినాది, కొంచెం చూడండి" అనినప్పుడెల్ల నా వ్రేళ్లు వెనుకకు పోవుచున్నవి.

నిరుడు వేసవిలో ఒక ఆదివారమున నేను ధనవంతుడైన రైతు ఉపమానముమీద ప్రసంగించితిని. పంట విస్తారముగా పండగా, ఉన్న కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకొనవలెనని తలంచిన వాని కథ నీవెరుగుదువు. మా పుత్తూరు ప్రాంతములో ఇప్పుడు ధాన్యపు కొట్లు ఎక్కడివి? వేరుసెనగ కాయలు కళ్లములోనే అమ్ముడుపోవును. మామిడితోపులు కాయ చెట్టుమీద నుండగానే బేరమగును. అందుచేత జనులకు అర్థమగునట్లు ఫోనును దృష్టాంతముగా తీసికొంటిని. "మీ కొట్లు మీ చేతులలోనే ఉన్నవి. తెల్లవారితే పూల బొమ్మలు, దీవెనల బొమ్మలు, ఎవరో ఆడిన ఆటలు. చోటు లేదని అది మొరపెట్టుచున్నను ఇంకొకటి క్రుక్కుచున్నారు. తీసి పారవేయుడి" అంటిని. జనులు నవ్విరి. వారు నవ్విరి గనుక ప్రసంగము బాగుగా నున్నదని నేనును సంతోషించితిని. ప్రసంగీకులకు ఇది పాత జబ్బు.

మరునాటి ఉదయము ఒక అవ్వ మా యింటికి వచ్చెను. డెబ్బదియేండ్లు దాటినది, చదువు రాదు, చూపు సగము పోయినది. చెరగున ముడివేసిన ఫోనును విప్పి నా చేతిలో పెట్టి, "అయ్యగారూ, నిన్న మీరు చెప్పినారే, నాదీ అట్లే నిండిపోయినాది. బైబిలు చదివి వినిపించేది వేయించుకుందామంటే పట్టదంటా ఉంది. ఉండేదంతా తీసేసి అది వేయండి" అనెను.

ఆ ఫోను 2018లో ఆమె కుమారుడు కువైటుకు పోవుచు కొనియిచ్చినది. అతడు అక్కడ డ్రైవరుగా పనిచేసి, 2021లో కరోనా జ్వరముతో చనిపోయెను. అక్కడనే పాతిపెట్టిరి. ఈమె ఆ సమాధిని చూడలేదు. ఇది నాకు తెలియును. స్మారక కూటము జరిగించినవాడను నేనే. తెలిసియుండియు ఆ ఉదయము నాకది తలంపునకు రాలేదు.

ఫోను తెరిచి చూచితిని. ఇంచుమించు ఆరువేల బొమ్మలుండెను. సంఘపు వాట్సాప్ గుంపునకు ప్రతి తెల్లవారుజామున నేను పంపు వాగ్దాన చిత్రములే వేయికి పైబడి యున్నవి. ప్రసంగపీఠముమీద నుండి నేను గద్దించిన చెత్తలో నా వంతు ఇంత! వినయముతో వాటిని తీసివేసితిని. వీడియోలు తీసివేసితిని. తరువాత ధ్వనుల జాబితా వచ్చెను. అందులో ఒక్కొక్కదాని పేరు 'పీటీటీ' అను మూడక్షరములతో మొదలై, పిమ్మట తేదీ, ఆ పిమ్మట ఒక సంఖ్య. వరుసగా మూడువందల చిల్లర. ఎవరివో, ఏమిటో తెలియజేయు పేరు ఒక్కదానికిని లేదు. 'అన్నియు' అను చోట గురుతుపెట్టి, తుడిచివేయు గుర్తును నొక్కితిని. నిశ్చయమేనా అని యంత్రము అడిగెను; నిశ్చయమే అంటిని. ఆ వెంటనే మా యింటి వైఫైతో క్రొత్త నిబంధన ధ్వనిముద్రణ దింపి, మత్తయి మొదటి అధ్యాయము వినిపించి పంపితిని. ఆమె నా చేతులు పట్టుకొని కండ్లకద్దుకొని పోయెను.

నాలుగవ దినమున మరల వచ్చెను. "అయ్యగారూ, నా బిడ్డ మాట్లాడేది యాడుందో చూపించండి. నొక్కితే పలకడం లేదు."

ఆమెకు చదువు రాకపోయినను మనుమరాలు నేర్పిన దారి యొకటి బొటనవ్రేలికి తెలియును. పచ్చని గుర్తు నొక్కవలెను, కుమారుని ముఖము నొక్కవలెను, త్రికోణము నొక్కవలెను. నాలుగేండ్లుగా ప్రతి రాత్రి పండుకొనుటకు ముందు ఒకటి విని పండుకొనుచుండెనట. నేనును నొక్కి చూచితిని. ఆ వర్తమానము ఫోనులో లేదనియు, మరల పంపుమని పంపినవానినే అడుగవలెననియు భావము వచ్చునట్లు ఆంగ్లములో ఒక మాట తెరమీద కనబడెను. "ఏమని రాసినాది?" అని ఆమె అడిగెను. వేదాంత కళాశాలలో గ్రీకు, హెబ్రీ నేర్చుకొని ఎన్నియో వచనములు తెలుగులోనికి త్రిప్పి చెప్పినవాడను. ఆ ఒక్క వాక్యమును ఆమెకు త్రిప్పి చెప్పలేకపోతిని.

పట్టణములో ఫోనులు బాగుచేయు కుర్రవానియొద్దకు పోతిని. ఈ కాలపు ఫోనులు లోపలి సమాచారమును తాళమువేసినట్టి లిపిలో దాచుననియు, తుడిచినదానిని తిరిగి తీయుట మిక్కిలి కష్టమనియు, పైగా ఖాళీయైన చోట నేను క్రొత్త నిబంధనను నింపితిననియు అతడు చెప్పెను. గూగుల్ ఖాతాలో నకలు ఏదైనను ఉన్నదేమోనని చూడగా, ఆ ఖాతాను 2018లో ఏదో దుకాణమువాడు తెరిచినాడు. దాని సంకేతపదము ఎవరికిని తెలియదు. మన పల్లెలలో అనేకుల స్థితి ఇదే గదా.

చదువరీ, ఆ తరువాతనే నేను ఈ కొలతల సంగతి నేర్చుకొంటిని. నేర్పినది మా సంఘములోని ఒక ఆడపిల్ల. ఆమె సత్యవేడు దగ్గర శ్రీసిటీలో పనిచేయును. షావోమీ వారి రెడ్‌మీ 2 ప్రైమ్ అను ఫోనును ఇక్కడ కూర్చిరనియు, దానిని 2015 ఆగస్టులో విశాఖపట్టణమున లోకమునకు చూపించిరనియు నీవు వినియుండవచ్చును. దాని లోపలి నిలువచోటు 16 గిగాబైట్లు. అప్పటికి అది చాలునన్నారు. అక్కడి కర్మాగారములో పనిచేయువారిలో ఎక్కువమంది స్త్రీలే. తెల్లవారకముందే బస్సులెక్కి పోవు ఈ బిడ్డల చేతులమీదుగా లోకమునకు ఫోనులు పోవుచుండగా, వాటి కడుపులో ఏమున్నదో తెలియని నేను వారికి ఫోనులనుగూర్చి ప్రసంగించితిని.

ఆమె చెప్పినది నా మాటలలో చెప్పెదను. ఫోను పెట్టెమీద 32 గిగాబైట్లని వ్రాసియుండును. మొదట కొలతలోనే భేదమున్నది. తయారుచేయువారు వేయి లెక్కన కొలుతురు. యంత్రములు కొన్ని 1,024 లెక్కన కొలుచును. ఆ లెక్క మార్చినయెడల 32 కాస్తా 29.8 అగును. పూర్వము ఒక సంతలోని పడికిని మరియొక సంతలోని పడికిని తేడా యుండెడిదని మా తాత చెప్పెడివాడు; ఇదియు అట్టిదే. ఆ మీదట ఫోనును నడిపించు ఆండ్రాయిడ్ వ్యవస్థయు, దానితోకూడ కంపెనీవారు పెట్టి పంపిన యాప్‌లును ఎన్నో గిగాబైట్లు ముందే ఆక్రమించుకొనును. ఇల్లు అద్దెకిచ్చినవాడు రెండు గదులలో తన సామాను పెట్టి తాళము వేసికొన్నట్లని తలంచుము.

ఇక యాప్ సంగతి. ప్లే స్టోరులో దింపుకొనునప్పుడు ఇన్ని మెగాబైట్లని చూపునది అణచి మూటగట్టిన పరిమాణము. మన యిండ్లలో బియ్యము వేయించి బొరుగులు చేయుదుము. శేరు బియ్యము పట్టిన పాత్రలో ఆ బొరుగులు పట్టునా? యాప్ కూడ ఫోనులో విప్పుకొన్న తరువాత పెద్దదగును. వాడినకొలది చూచిన బొమ్మలు, విన్న పాటలు లోపల చేర్చుకొని ఇంకను పెరుగును. క్రొత్త రూపము వచ్చినప్పుడు పాతదియు క్రొత్తదియు కొంతసేపు ఒక్కచోట నుండవలెను గనుక అప్పుడు మరికొంత ఖాళీ కావలెను. 50 మెగాబైట్ల యాప్‌కు 50 మెగాబైట్ల చోటు చాలదని నీకు ఇందువలన తెలియును.

పెద్ద కంపెనీలకు మన యిరుకు తెలియకపోలేదు. 2015లో ఫేస్‌బుక్ లైట్ అనునది 1 మెగాబైటుకు లోపు పరిమాణముతో వచ్చెను. 2017లో వచ్చిన జియోఫోనులో లోపలి చోటు 4 గిగాబైట్లే. అయినను 2018లో దానిలో వాట్సాప్ పట్టించిరి. గూగుల్ వారు 2018లో ఆండ్రాయిడ్ యాప్ బండిల్ అను పద్ధతి తెచ్చిరి. ఏ ఫోనుకు ఏ భాగము కావలెనో ఆ భాగము మట్టుకే పంపుట దాని పని. 2021 ఆగస్టు మొదలుకొని ప్లే స్టోరులో పెట్టు క్రొత్త యాప్‌లకు దానిని నిర్బంధము చేసిరి. అయినను ఫోనులు నిండుచునే యున్నవి. ఏలయనగా నింపునది ఎక్కువగా యాప్‌లు కావు, మనము.

2018 జనవరిలో అమెరికాలోని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక దీనినిగూర్చి వ్రాసెను. భారతీయులు తెల్లవారగానే పంపుకొను శుభోదయపు బొమ్మలవలన ఫోనులు నిండిపోవుచున్నవని గూగుల్ పరిశోధకులు కనుగొనిరట. ఇండియాలో ఫోనువాడు ప్రతి ముగ్గురిలో ఒకరికి ప్రతి దినము చోటు అయిపోవుచున్నదనియు, అమెరికాలో పదిమందిలో ఒకరికే అట్లు జరుగుచున్నదనియు వెస్టర్న్ డిజిటల్ అను కంపెనీ లెక్కను ఆ పత్రిక చెప్పెను. అప్పటికి ఒక నెల ముందే, అనగా 2017 డిసెంబరులో, అట్టి బొమ్మలను వెదకి తీయుటకు గూగుల్ వారు ఫైల్స్ గో అను యాప్ తెచ్చియుండిరి. నేనును లెక్కవేసికొంటిని. నా వాగ్దాన చిత్రము ఒక్కటి 300 కిలోబైట్లనుకొనుము. ఏడాదికి 110 మెగాబైట్ల చేరువ. నావంటివారు పదిమంది పంపినయెడల ఏడాదికి ఒక గిగాబైటు దాటును. ఇప్పుడు నేను ఆ వచనమును బొమ్మగా పంపుటలేదు. అక్షరములతోనే వ్రాసి పంపుచున్నాను.

అక్షరములు ఎంత చోటు పట్టునో విన్నప్పుడు నాకు ఆశ్చర్యము కలిగెను. ఇప్పుడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు 1 బైటు చాలును; మన తెలుగులో ప్రతి సంకేతమునకు 3 బైట్లు పట్టును. 'క్రీస్తు' అను మాటలో మనకు రెండక్షరములే కనబడుచున్నను, లోపల ఒత్తులు, గుడులు, కొమ్ములు వేరువేరుగా వ్రాయబడి 8 సంకేతములగును. మొత్తము 24 బైట్లు. ఆంగ్లేయునికి అదే నామము 6 బైట్లలో ముగియును. ఇంత ఖర్చుతోను, 66 పుస్తకముల తెలుగు బైబిలు అంతయు అక్షరరూపమున సుమారు 10 మెగాబైట్లే. దానినే చదివి వినిపించు ధ్వనియైనచో సామాన్యమైన నాణ్యతతో గంటకు 30 మెగాబైట్ల చేరువ పట్టును గనుక, క్రొత్త నిబంధన మట్టుకే కొన్ని వందల మెగాబైట్లగును. వీడియో సంగతి చెప్పనక్కరలేదు. ఫోనుతో మంచి నాణ్యతతో తీసిన ఒక నిమిషపు వీడియో బైబిలు అక్షరములన్నిటిని మించిపోవును.

ఇంతవరకు నిమ్మళముగా వింటిని. అప్పుడు ఆ పిల్లను అడిగితిని: "మరి అమ్మా, అవ్వ ఫోనులో నేను తుడిచిన మాటలు ఎంత చోటు పట్టియుండును?" వాట్సాప్ మాటలు మిక్కిలి సన్నగా అణచబడియుండును, నిమిషము మాటకు ఒకటి రెండు వందల కిలోబైట్లు చాలును. మూడువందల వర్తమానములు, ఒక్కొక్కటి అర నిమిషమో నిమిషమో. ఆమె వ్రేళ్లమీద లెక్కించి, "అంతా కలిపి ముప్పై ఎంబీ ఉంటుందేమో, అయ్యగారూ" అనెను. ఎవరో పంపిన పెండ్లి వీడియోలు రెండు మూడు కలిసినంత! వేయి మెగాబైట్ల బొమ్మలు తీసినవాడను. ఆ ముప్పదిని ముట్టకపోయినను క్రొత్త నిబంధనకు చోటు చాలియుండెడిది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి చదువరీ, నీ ఫోను నిండినప్పుడు అన్నియు ఒక్కసారి గురుతుపెట్టకుము. వాట్సాప్ అమరికలలో నిలువను చూపు చోటొకటి యున్నది. అక్కడ 5 మెగాబైట్లకు మించినవి వేరుగాను, అనేకసార్లు చేతులు మారి వచ్చినవి వేరుగాను చూపబడును. బరువంతయు సామాన్యముగా అక్కడనే యుండును. అది తీసిన చాలును. బొమ్మలు, వీడియోలు వాటంతటవే దిగకుండ ఆపు అమరికయు అక్కడి దగ్గరనే దొరకును. యాప్‌లలో క్యాషి అనునది తుడిచిన నష్టము లేదు, మరల చేరును. డేటా అనునది తుడిచినచో అందులో నీవు దాచుకొన్నవి పోవచ్చును. ఇవి నీకు తెలియనియెడల నీ యింటి పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయుము. అయితే ఆ పిల్లలకు నీవు పోగొట్టుకొనకూడనిది ఏదో ముందుగా నోట చెప్పుము. యంత్రమునకు అది తెలియదు. నాకును తెలియలేదు.

పోగొట్టుకొనకూడనిది రెండవచోట నుంచుము. ఇది క్రొత్త బుద్ధి కాదు. 1812 మార్చి 11న సేరంపూర్ ముద్రణాలయము కాలిపోయినప్పుడు విలియం కేరీ సిద్ధపరచుచున్న తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి బూడిదయ్యెను. దానికి రెండవ ప్రతి లేదు. ఆయన మరల మొదటినుండి వ్రాసి 1814లో అచ్చువేయించెను. అయితే అక్షరములు చేయు ఉక్కు అచ్చులు దొరికెను గనుక, కరిగిపోయిన సీసమును ఏరి మరల అక్షరములు పోసిరి. వ్రాతప్రతిని ఆయన తిరిగి వ్రాయగలిగెను. చనిపోయినవాని గొంతును ఎవరు తిరిగి వ్రాయుదురు?

నేను అవ్వయింటికి పోయి, జరిగినది ఏమియు దాచక చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. కోపపడియుండిన నాకు సులభముగా నుండెడిది. తుదకు, "మీకేం తెలుసు అయ్యగారూ, తీసేయమని నేనేగదా ఇచ్చింది" అని, మజ్జిగ తెచ్చి ఇచ్చెను. ఆ మజ్జిగ త్రాగుట నాకు ఎంత కష్టమాయెనో చెప్పలేను. ఆ వచ్చు ఆదివారము సంఘము ఎదుట అదే ఉపమానము మరల తీసి, ముందటి వారము నేను చెప్పినది తొందరపాటని ఒప్పుకొంటిని. ఆ రైతు కొట్లలో నున్నది ధాన్యమని మనకు తెలియును గాని, ఒకరి కొట్టులో ఏమున్నదో బయటనుండి చూచి చెప్పవలదంటిని. ఈసారి ఎవరును నవ్వలేదు.

ఆ మాట విన్నవారిలో ఒకరు, నగరిలోనున్న అవ్వ చెల్లెలికి కబురు చేసిరి. కుమారుడు తన చిన్నమ్మకుగూడ అప్పుడప్పుడు మాటలు పంపుచుండెడివాడట. ఆమె ఫోను మరింత పాతది, తెర పగిలినది. అయితే దానిని ఎవరును శుభ్రము చేయలేదు. అందులో పదునొకండు దొరికెను. శ్రీసిటీ పిల్ల వాటిని ఒక మెమరీ కార్డులోనికి, అవ్వ ఫోనులోనికి, నా కంప్యూటరులోనికి, తన ఫోనులోనికి ఎక్కించెను. పేర్లు మార్చి, ఒక్కొక్కదానికి కుమారుని పేరు తెలుగులో వ్రాసెను. దానికి మరికొన్ని బైట్లు ఖర్చయ్యెను.

మొదటిది వినిపించునాడు నేనును ఆ అరుగుమీద నుంటిని. వెనుక ఎక్కడనో లారీల మ్రోత, గాలి. ఆ మధ్యను అతని గొంతు: "చిన్నమ్మా, అమ్మ ఫోను ఎత్తడం లేదు. ఎర్రావు ఈనిందా లేదా? దూడ ఏందో అడిగి చెప్పు."

అవ్వ ఫోనును రెండు చేతులతో పట్టుకొని, నోటిదగ్గర పెట్టుకొని, "ఈనింది నాయనా, పెయ్యదూడ" అనెను.